గడారి

గడప ముందర చెప్పులు చూడకుండా
నేను ఏ ఇంటి తలుపూ తట్టను.
బ్యాంకులో వసూళ్ల పని నాది.
గుత్తి చుట్టుపక్కల ఊర్లన్నీ నా సంచిలోనే ఉంటాయి,
ఎవరెవరు ఎంతెంత, ఎన్నో వాయిదా.
తోడొచ్చే కొత్త పిల్లోడు నవ్వుతాడు,
"చెప్పుల్లో ఏముంది సార్?"

ఏముందంటే,

రెండేండ్లు వరసగా బుడ్డలకు ఊడలు దిగలేదు.
విత్తనాలకు చేసిన అప్పు మాత్రం
వానతో పనిలేకుండా పెరిగింది.
హుస్సేనప్పది గుత్తిలో విత్తనాల అంగడి.
ఆ నెలలో మూడోసారి
పన్నెండు మైళ్లు సైకిలు తొక్కుకుంటా వచ్చినాడు,
ఎర్రగుడ్డలో చుట్టిన ఖాతా పుస్తకం చంకలో.

అదే పొద్దున,
పదకొండేండ్ల తర్వాత,
సుంకన్న మామ మా ఇంట్లో కాలు పెట్టినాడు.
"ఆ ఓబులేసుకిస్తే నా చెల్లెలు పస్తులుంటాది" అని
పెండ్లి పందిట్లోంచే వెళ్లిపోయిన మనిషి.
అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చిన నెయ్యి
సంగటి గుంతలో పోస్తా ఉంది.
సైకిలు గంట వినింది.
చెయ్యి అట్లే నిలిచిపోయింది.
నెయ్యి మాత్రం నిలవలేదు.

నాయన లేచినాడు.
భుజం మీది టవలు తీసినాడు, మళ్లా వేసుకున్నాడు.

హుస్సేనప్ప గడప అవతలే నిలబడి
కిర్రు చెప్పులు చూసినాడు. కొత్తవి, మా ఊరివి కావు.
తర్వాత అమ్మ మొగం చూసినాడు.
అంతే, తుమ్ము ఆపుకునేంత సేపు.
పుస్తకం చంకలోంచి వీపు వెనక్కి పోయింది, అంగీ కిందికి.

"ఓబులేసప్పా, నీ గడారి ఒకసారి ఇస్తావా?
దొడ్లో గుంజ పాతాల.
మా దిక్కు గడార్లన్నీ మొద్దుబారినవే."

మామ అడిగినాడు, "గుత్తి నుంచి గడారి కోసమా?"
"మంచి ఇనుము గదన్నా," అన్నాడు హుస్సేనప్ప,
"అది యాడుంటే ఆడికి మనమే పోవాల."

కూర్చోమంటే కూర్చున్నాడు.
ఊరిమిండి ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు.
వాన గురించి మాట్లాడినాడు, ఎద్దుల కాళ్ల గురించి,
గుంతకల్లు రైలు గురించి,
దుడ్డు అనే మాట వచ్చే దోవలన్నిటికీ
కంప అడ్డమేసుకుంటా.

చెయ్యి కడుక్కుని
నాలుగు మూరల గడారిని సైకిలుకు కట్టుకున్నాడు.
ముందొక జానెడు, వెనకొక మూరెడు పొడుచుకొచ్చింది.
నడినెత్తిన ఎండ.
సాగనంప పోయిన నాయన వెనకాల నేనూ పోయినా.

వంక దాటినాక సైకిలు నిలిపి
మెల్లగా అడిగినాడు,
"ఓబులేసా, ఉగాదికన్నా కడతావా?"

వడ్డీ ఒక్క పైసా తగ్గించలేదు.
ఆ మాట కూడా చెప్పాల.
ఆయన్ను దేవుణ్ణి చేసేదానికి కాదు ఈ కత.
మూడు ఉగాదులు పట్టింది మాకు, అంతా కట్టినాము.

ఇంటికొచ్చేటప్పుడు నాయన్ను అడిగినా,
"ఆయప్పకు దొడ్డి యాడుంది నాయనా?"
అంగడి చూసినోణ్ణి నేను.
ముందు రోడ్డు, వెనక గోడ, నడుమంతా కడప బండలు.
మొన దిగే మట్టి గుప్పెడు లేదాడ.
నాయన పలకలేదు.
దోవ పొడుగునా గొంతు సవరించుకుంటానే ఉన్నాడు,
దుమ్ము అన్నాడు.

ఆ ఏడే తెలుగయ్యవారు పాఠంలో చెప్పినాడు,
మర్యాదంటే హద్దు అని, చేనికి గట్టు, ఏటికి ఒడ్డు.
పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకున్నా.

ఎనిమిది దినాలకు గడారి తిరిగొచ్చింది.
ఆయనే తెచ్చినాడు, అదే ఎండలో.
"మంచిగా దిగిందప్పా" అని అమ్మకు వినపడేట్టు చెప్పి
నీళ్లు తాగి పోయినాడు.

నాయన దాన్ని గోడకు ఆనించబోయి, ఆగి,
మొన వేలితో తడిమి చూసినాడు.

ఎర్రమన్ను.
ఇంకా తడి ఆరలేదు.